ఐదో డబ్బా

ఆర్మూర్,
12 జూన్ 1963

మేనల్లుడు రాజేశ్వర్‌కు మామ కాశీరాం రాసేది.

మీ అత్తమ్మ లసుమవ్వ, నేను బాగానే ఉన్నాము. వాన ఇంకా పడలేదు. అంగడికి పసుపు రావడం తగ్గింది, కాంటా దగ్గర నాకు పొద్దంతా పని ఉండటం లేదు. చేతులు ఖాళీగా ఉంటే పాత సంగతులు మీదికి వస్తాయి కదా, అందుకే ఈ ఉత్తరం.

మన అటక మీద ఐదు రేకు డబ్బాలు ఉండేవి, గుర్తున్నాయా? చిన్నప్పుడు ఒకసారి నువ్వు నిచ్చెన వేసుకొని ఎక్కితే చెవి మెలిపెట్టి దింపాను. "గా డబ్బాలల్ల ఏమున్నయ్ మామా?" అని ఏడ్చుకుంటూ అడిగితే "పాములున్నయ్" అన్నాను. నువ్వు చాలా రోజులు ఆ అర్ర వైపు పోలేదు. పాములు కాదు బిడ్డా, అవి సినిమా రీళ్లు. పేరు 'నీళ్లవంతు'. నువ్వు పుట్టిన మరుసటి యేడు, మన ఆలూర్ పొలాల్లోనే తీశారు. మాటలు లేని కాలం అది. డేరా సినిమాతో పాటు నేను మూడేండ్లు ఊరూరా తిరిగి, తెర పక్కన నిలబడి కథ చెప్పేవాడిని. ఈ కాంటా కాశీరాంను అప్పట్లో బొమ్మల కాశీరాం అనేవాళ్లు, నీకు ఎవరూ చెప్పి ఉండరు.

మాటల సినిమాలు వచ్చి డేరా మూతపడ్డప్పుడు యజమాని ఈ రీళ్లను బొంబాయి పంపిస్తానన్నాడు. అక్కడ వాటిని కడిగి, వెండి తీసుకొని, మిగిలిన రేకుతో ఆడవాళ్లకు గాజులు చేస్తారట. నాకు మనసు ఒప్పలేదు. అడిగి ఎడ్లబండిలో ఇంటికి తెచ్చుకున్నాను.

ఇప్పుడు నువ్వు పట్నంలో పెద్ద సినిమా హాలులో ఆపరేటర్‌వి. రోజుకు మూడు ఆటలు చూస్తావు. ఒక్క మాట చెప్పు చాలు నాకు. ఆ సినిమా నిజంగా గొప్పదా, లేక అప్పటి నా పడుచుతనం గొప్పదా? పసుపు లారీ భూమేశ్వర్ చేతికి మొదటి డబ్బా ఇచ్చి పంపుతున్నాను. దగ్గర కూర్చొని బీడీ తాగొద్దని వాడికి మూడు సార్లు చెప్పాను, నువ్వూ జర భద్రం. అది గడ్డివాము కన్నా తొందరగా అంటుకుంటుంది.

మామ


హైదరాబాదు,
3 జులై 1963

మామకు,

డబ్బా అందింది. నిజం చెప్పాలంటే మొదట నవ్వుకున్నాను. మా హాలులో ఇప్పుడు నడుస్తున్న సినిమాలో పద్నాలుగు పాటలు, రెండు పులులు. అలాంటి చోటికి మామ మూగ బొమ్మ పంపిండు అని గేటు దగ్గరి నడిపయ్యకు చెప్పి ఇద్దరం నవ్వాము. ఆదివారం పొద్దున, హాలు తెరవక ముందు, వాడిని బాల్కనీలో కూర్చోబెట్టి రీలు ఎక్కించాను.

మనుషులు ఉరుకుతున్నారు. ఎడ్లు ఉరుకుతున్నాయి. ముసలవ్వ ఒకామె బిందెతో ఉరుకుతోంది. నడిపయ్య పొట్ట పట్టుకొని నవ్వాడు. నాకు అప్పుడు గుర్తుకొచ్చింది, ఆ కాలంలో చేత్తో తిప్పి తీసేవాళ్లు, మా మిషన్ వేగం దానికి ఎక్కువ. మోటారు వేగం తగ్గించాను. మెల్లగా నడిస్తే దీపం వేడికి రీలు అంటుకుంటుందని తెలుసు. పక్కన తడి గోనెసంచి పట్టుకొని నిలబడి మళ్లీ మొదటి నుంచి వేశాను.

ఈసారి నడిపయ్య నవ్వలేదు. ఒక ఎండిన కాలువ. దాంట్లోకి నీళ్లు వస్తున్నాయి, ముందు నురుగు, నురుగు మీద ఒక ఎండుటాకు. ఎవరూ లేరు. బొమ్మ అట్లనే నిలబడి నీటి వెంట చూస్తుంది. ఇప్పటి వాళ్లయితే అక్కడ ఒక పాట పెట్టేవాళ్లు. తర్వాత ఆ నీటికి అడ్డంగా ఒక మగవాడి చెప్పుకాలు వచ్చి మట్టిగడ్డ వేస్తుంది. అంతే, కథ మొత్తం అర్థమైంది. అట్ట చెట్లు లేవు, గుడ్డ మీద గీసిన కొండలు లేవు. గాలికి పసుపు చేని ఆకు ఊగుతుంటే నిజంగా ఊగుతోంది. ఆ పొలం గల విధవరాలి వేషం వేసినామె నీళ్లు ఆగిపోవడం చూసి ఏడవలేదు, ముఖం మీద చెయ్యి పెట్టుకోలేదు. పార అందుకుంది. దాని పిడి పట్టుకున్న తీరు చూస్తే రోజూ పట్టే చెయ్యి అనిపించింది.

పదకొండేండ్లుగా సినిమాలు నడుపుతున్నాను మామా. కిటికీలోంచి తెర వైపు సరిగా చూసి ఎన్నేండ్లయిందో. మొన్న చూశాను. మిగతావి పంపు.

నీ అల్లుడు
రాజేశ్వర్


ఆర్మూర్,
9 ఆగస్టు 1963

అల్లుడా,

నీ ఉత్తరం మీ అత్తమ్మకు రెండు సార్లు చదివి వినిపించాను. మూడోసారి మొదలుపెడితే పొయ్యి దగ్గరికి లేచిపోయింది. ముప్పై మూడేండ్ల తర్వాత ఒకడు ఆ ఎండుటాకును చూశాడు. నాకు ఇంకేం కావాలి.

రెండో రీలులో బొమ్మ గట్టు వెంట మనిషి పక్కనే నడుస్తుంది చూడు. బొమ్మ తీసే మిషన్‌ను ఎడ్లబండి మీద కట్టి నడిపారు. ఎడ్ల ముకుతాడు పట్టుకున్నవాడిని నేనే. కుదుపు రాకూడదని గట్టు మీద రెండు రోజులు వరిగడ్డి పరిచాము. తీసినాయన బొంబాయిలో పని నేర్చి వచ్చినవాడు, మాట తక్కువ. "నాటకం వద్దు, మీరు రోజూ చేసేదే చేయండి" అనేవాడు. మాకేమో రోజూ చేసేది చూపించడానికి సిగ్గు.

జనం మాత్రం ఒప్పలేదు. ధర్పల్లిలో ఒక అవ్వ మధ్యలో లేచి "దేవుడెప్పుడొస్తడు కొడుకా?" అని అడిగింది. "రాడు అవ్వా" అన్నాను. "రాకుంటె ఎట్ల మరి?" అని చివరి దాకా నా వైపే చూసింది. మోర్తాడ్‌లో "ఇదేం సిన్మరా, మా ఇంటి లొల్లే గదా, పైసలిచ్చి సూడాల్నా?" అని మట్టిపెళ్లలు విసిరారు. కానీ మట్టి విసిరినవాళ్లు కూడా ఆట అయిపోయేదాకా కదల్లేదు, అది రాసుకో.

రెండు, మూడు, నాలుగు డబ్బాలు భూమేశ్వర్‌తో పంపుతున్నాను. ఐదోది ఆఖరి రీలు. దాన్ని లారీలో పంపను. దసరాకు నేనే ఒళ్లో పెట్టుకొని వస్తాను. ఎందుకో ఇప్పుడు చెప్పాలి.

అందులో మీ అమ్మ ఉంది.

పసుపు ఉడకబెట్టే కడాయిల దగ్గర ఆడవాళ్లు పని చేస్తుంటారు. అందులో మా అక్క నీలవ్వ ఒకతె. మిషన్ వైపు ఎవరూ చూడొద్దని చెప్పారు. అందరూ తల వంచుకున్నారు. అక్క తలెత్తి సూటిగా చూసింది. పాడుచేసింది, మళ్లీ తీయాలి అనుకున్నాము. తీసినాయన మాత్రం "ఉండనీ" అన్నాడు.

నాలుగు నెలలకు కలరా గత్తర వచ్చి అక్క పోయింది. నువ్వు పాలు మరవని పిల్లవాడివి. ఆమె ఫోటో తీయించుకున్న మనిషి కాదు. మీ నాయన తరఫు వాళ్లు మిషన్ ఆమె పానం గుంజుకుందన్నారు, అక్కడ నిలబెట్టింది తమ్ముడే అన్నారు. నిలబెట్టింది నేనే. మిషన్ పానం తీసిందన్న మాట నమ్మలేదని అప్పటి నుంచి నాకు నేనే చెప్పుకుంటున్నాను. అందుకే నీకు పాములని చెప్పాను.

మామ


హైదరాబాదు,
20 సెప్టెంబరు 1963

మామా,

ఇరవై రోజులుగా రాయాలని కూర్చుంటున్నాను. నాలుగు రీళ్లూ చూశాను, ఒక్కోటి నాలుగైదు సార్లు. నాలుగో దాంట్లో ఆ విధవరాలు నీళ్ల వంతు అడగడానికి ఊరి పటేలు ఇంటి ముందు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడుతుంది. ఆమె నీడ మాత్రమే చూపిస్తారు. నీడ పొట్టిగా అయి, పొడుగ్గా అయి, గోడ ఎక్కి పోతుంది. ఇంత చిన్న ఉపాయం, ఇంత పెద్ద మాట. ఈ ముప్పై ఏండ్లలో ఎవరికీ రాని ఆలోచన ఆలూర్ పొలంలో ఎట్లా వచ్చింది? నడిపయ్య ఇప్పుడు ఆదివారం అడగకుండానే పొద్దున్నే వస్తున్నాడు. "ఆమెకు నీళ్లొస్తయా సార్?" అని వారమంతా నన్ను పీడిస్తున్నాడు.

నాకు నీళ్ల ఫికర్ లేదు మామా. కడాయిల ఫికరే. అద్దంలో నా ముఖం చూసుకుంటే ముక్కు నాయనది, మిగతాది ఎవరిదో తెలియదు. చిన్నప్పుడు అత్తమ్మను అడిగితే "మీ అమ్మ నీ లెక్కనే ఉంటుండె" అనేది. నిన్ను అడిగితే లేచి బయటికి పోయేవాడివి. ఇన్నేండ్లు నా తల మీద అటకలో మా అమ్మ ఉంటే, పాములున్నాయని నేను దూరంగా నడిచాను. కోపం వచ్చింది, దాచను. కానీ ఆమె సూటిగా చూసిందని రాసినవు కదా, ఆ మాటతో కోపం నిలవడం లేదు. తెర మీద ఆమె చూస్తే, నేను కేబిన్ కిటికీలో ఉంటాను. సూటిగా నన్నే చూస్తుంది.

దసరాకు బస్సు దిగే చోటుకు వస్తాను.

రాజేశ్వర్


ఆర్మూర్,
2 నవంబరు 1963

రాజేశ్వర్‌కు,

దసరాకు రాలేకపోయాను. నడుము నొప్పి. తర్వాత మక్కజొన్నలు వచ్చాయి, అంగడిలో పనికి మనుషులు లేరు. చూద్దాం. మీ అత్తమ్మ అడిగినట్టు చెప్పమంది.

కాశీరాం


హైదరాబాదు,
14 డిసెంబరు 1963

మామా,

నవంబరులో కార్డు, అందులో నాలుగు ముక్కలు. తర్వాత నేను రాసిన రెండింటికి జవాబు లేదు. నడుము నొప్పి ఉన్న మనిషి రోజూ కాంటా దగ్గర నిలబడుతున్నాడని భూమేశ్వర్ చెప్పాడు. నన్ను చూడనివ్వడం నీకు ఇష్టం లేకుంటే మొదట చెప్పకపోవాల్సింది.

వచ్చే వారం భూమేశ్వర్ ఇంటికి వస్తాడు. డబ్బా వాడికి ఇవ్వు.

రాజేశ్వర్


హైదరాబాదు,
6 జనవరి 1964

కాశీరాం గారికి,

మీరు ఇంట్లో లేనప్పుడు అత్తమ్మ ఇచ్చిన డబ్బా చేరింది. మూతకు మైనం కొత్తగా పెట్టి ఉంది. అంటే ఈ మధ్య మీరు తెరిచి చూశారు.

నేనూ తెరిచాను. ముందు పసుపు. దోసెళ్లకు దోసెళ్లు పసుపు కొమ్ములు. దాని కింద బట్ట. బట్ట విప్పితే రీలు లేదు. ముదురు బెల్లం ముద్ద లాంటిది ఉంది, చుట్లన్నీ కరిగి ఒకటైపోయాయి, వేలు పెడితే అంటుకుంది. రీళ్లు కడిగే ల్యాబులో ఒక పెద్దమనిషికి చూపించాను. ఈ జాతి రీలుకు గాలి కావాలన్నాడు. మూత వదులుగా ఉన్న నాలుగూ అందుకే బతికాయట. దీన్ని చెమ్మ తాగే వస్తువు మధ్య పెట్టి మైనంతో బిగించారు, తన ఆవిరికి తానే కుళ్లిపోయింది, ఎవరు చేశారు ఈ పని, అని నన్ను అడిగాడు. మా మామ అనలేక, తెలియదన్నాను.

రీలు పోయింది. మిమ్మల్ని ఒకటే అడుగుతున్నాను. మూడేండ్లు ఊరూరా ఆ బొమ్మ పక్కన నిలబడ్డారు. మా అమ్మ అందులో ఎట్లా ఉందో రాయండి. చీర, బొట్టు, కండ్లు, ఎటు నుంచి వెలుతురు పడింది, చూసినప్పుడు నవ్విందా లేదా, అన్నీ.

రాజేశ్వర్


ఆర్మూర్,
19 జనవరి 1964

బిడ్డా,

'మీరు' అని రాశావు. నిన్ను భుజం మీద మోసిన నాటి నుంచి ఆ మాట నీ నోట వినలేదు. తగినదే, అననీ.

మన ఇండ్లల్లో పట్టుచీర మడతల్లో పసుపు పెడతాము. విత్తనాల గంపలో పెడతాము. పురుగు రాదు, బూజు పట్టదు. ఆర్మూర్‌లో పుట్టినవాడికి దాచుకోవడమంటే పసుపు వేయడమే, ఇంకో తీరు తెలియదు. నాలుగు డబ్బాలను అట్లనే వదిలేశాను, అవి సినిమా. ఐదోది అక్క. ఏటా కొత్త పసుపు ఉడికి ఎండిన రోజు మొదటి దోసెడు తీసుకుపోయి అందులో పోసేవాడిని. బట్ట ఎన్నడూ విప్పలేదు. మధ్యలో ఒక యేడు పుల్లటి వాసన వచ్చింది. పురుగు పడుతోందేమో అనుకున్నాను. రెండు దోసెళ్లు ఎక్కువ పోసి, మూతకు మైనం పెట్టి బిగించాను. అదీ నేను చేసింది. దసరా ముందు నీ కోసం మొదటిసారి విప్పాను. చూసి మళ్లీ కట్టేశాను. నీకు రాయడానికి చేతకాలేదు.

ఆమె ఎట్లా ఉందో రాయమన్నావు. రాజేశ్వర్, నేను చూడలేదు.

సినిమా తయారై డేరాకు వచ్చేసరికి అక్క పోయి రెండు నెలలు. మొదటి ఆట నాడు కడాయిల ఘట్టం వస్తోందని తెలిసి తెరకు వీపు పెట్టి జనం వైపు తిరిగాను. మూడేండ్లూ అంతే. మనసులో పదకొండు లెక్కపెట్టేవాడిని, అప్పటికి ఆ బొమ్మ పోయేది. లెక్కపెడుతూ నోటితో చెప్పేవాడిని, "చూడుండ్రి అవ్వలారా, పొగల నుంచి ఒక తల్లి లేస్తున్నది, నిండు చెరువసొంటి మొకం, పొద్దు పొడిచినట్టు బొట్టు, మిమ్ములనే సూస్తున్నది, మీరేమంటరు అని అడుగుతున్నది." ఆడవాళ్లు కండ్లు తుడుచుకునేవాళ్లు. వాళ్ల ముఖాలు చూసి ఆమె బాగా వచ్చిందని తెలుసుకున్నాను. అన్ని ఊర్లూ చూశాయి. నేనొక్కడినే చూడలేదు.

పోనీ అక్క ముఖం గుర్తుంది కదా అంటావు. ఉండేది. ఇప్పుడు కండ్లు మూసుకుంటే నిండు చెరువు, పొద్దు, బొట్టు, ఆ డేరా మాటలే వస్తాయి. అన్ని వందల సార్లు చెప్పాను కదా, మాటల కింద ముఖం అరిగిపోయింది. చెంప మీద ఒక మచ్చ ఉండేది, కుడి చెంపో ఎడమ చెంపో తెలియదు. మీ అత్తమ్మను అడిగితే కుడి అంది, మర్నాడు ఎడమ అంది.

నా దగ్గర ఏమీ లేదు బిడ్డా. నీ తల్లిని నేను ఒకసారి మిషన్ ముందు నిలబెట్టాను, ఒకసారి డబ్బాలో పూడ్చాను.

కాశీరాం


హైదరాబాదు,
8 మార్చి 1964

మామా,

జవాబు ఆలస్యం చేశాను, కావాలనే.

ల్యాబు పెద్దమనిషి ఆ ముద్దను నెల రోజులు తన దగ్గర పెట్టుకొని, పొరలు పొరలుగా తీసి చూశాడు. నడిమి దాకా అంతా పోయింది. ఒకచోట మాత్రం మూరెడు కూడా లేని ముక్క విడివడింది. పదిహేడు బొమ్మలు. తెర మీద వేస్తే ఒక్క సెకను, కానీ మిషన్‌కు ఎక్కిస్తే పొడి అయిపోతుంది. నకలు తీసే వేడికి కూడా నిలవదట. చేత్తో అంచులు పట్టుకొని కిటికీ వెలుతురుకు ఎదురుగా చూడాలి, అంతే.

కడాయి ఉంది, పొగ ఉంది. తెడ్డు పట్టుకున్న ఒక చెయ్యి, మట్టిగాజులు, మోచేతి దాకా. మోచేతి పైన పదిహేడింటిలోనూ బుడగలే. ఆమె తలెత్తే చోటే సరిగ్గా కరిగిపోయింది. భూతద్దం పెట్టి చూశాను, ఒక్కదాంట్లోనైనా ముఖం కాకున్నా గదమ దొరుకుతుందేమోనని. లేదు.

కానీ మూలకు, పొగ వెనుక, ఒక పడుచువాడు నిలబడి ఉన్నాడు. భుజం మీద పిల్లవాడు. పిల్లవాడి పిడికిట్లో వాడి జుట్టు. వాడు నవ్వుతున్నాడు. బొమ్మలో పడుతున్నానని వాడికి తెలియదు. మన ఇద్దరి ముఖాలూ మామా, నిన్న తీసినంత స్పష్టంగా ఉన్నాయి. బతికి ఉన్నవాళ్లమే మిగిలాము. చూడాలనుకున్న మనిషి లేదు.

నువ్వు మొదట అడిగినదానికి జవాబు ఇవ్వలేదు. అది గొప్ప సినిమా. నీ పడుచుతనం కాదు. నేను చూసినవాటిల్లో దానికి సాటి లేదు, ఆఖరు ఏమిటో తెలియకుండానే ఈ మాట అంటున్నాను. కానీ ఎవరికి చెప్పను? ఇలాంటి అంటుకునే రీళ్లు హాలులో ఉంటే లైసెన్సు పోతుందని మేనేజర్ బయట పెట్టించాడు. నా మంచం కింద ఉన్నాయి. మూతలు తీసే ఉంచాను. అయినా నాలుగో దాని అంచు తేనె రంగుకు తిరుగుతోంది. చూసినవాళ్లం నేను, నడిపయ్య. వాడికి ఆఖర్న నీళ్లు వచ్చాయని అబద్ధం చెప్పాను.

నిన్ను క్షమించానని రాయలేను. రాసినా నువ్వు నమ్మవు. కానీ ఆ పదిహేడు బొమ్మలు నేనొక్కడినే చూడటం బాగా లేదు. ఒకసారి వచ్చి చూడు. ఈసారి వీపు పెట్టకు.

రాజేశ్వర్


ఆర్మూర్,
22 మార్చి 1964

రాజేశ్వర్‌కు,

నీళ్లు రావు బిడ్డా. ఆమె తెల్లారకముందు గట్టు తెంపుతుంది, నీళ్లు పక్కవాడి పొలంలోకి పోతాయి. వాడూ ఆమె లాంటి పేదవాడే. వాడు నిద్ర లేచి, తన పొలంలో నీళ్లు చూసి, రెండు చేతులూ ఎత్తి దేవుడికి దండం పెడతాడు. ఆమె గట్టు మీద పార పట్టుకొని అట్లనే చూస్తుంది. అక్కడ అయిపోతుంది. నడిపయ్యకు నువ్వు చెప్పిందే ఉండనీ.

నేను రాను.

నీ మీద అలిగి కాదు. అంచులు చేత్తో పట్టుకొని చూడాలని రాశావు. కొత్త పసుపు వచ్చింది, అంగడి నిండా రాశులే. పొద్దుటి నుంచి నా చేతులు మోచేతుల దాకా అందులోనే ఉంటున్నాయి. నీ ఉత్తరం చదివి బావి దగ్గర సబ్బుతో, బూడిదతో, ఆఖరికి రాయితో రుద్దుకున్నాను. మీ అత్తమ్మ వచ్చి చెయ్యి పట్టుకొని ఆపింది. గోళ్ల సందుల్లోది పోవడం లేదు, ముప్పై ఏండ్లది.

అందులో ఇప్పుడు నువ్వున్నావు. ఈ చేతులతో దాన్ని ముట్టుకోను.

ఈ ఉత్తరం కాయితం కూడా పచ్చగా అయింది చూడు. చదివి, ఆ ముక్కకు దూరంగా పెట్టు.

మామ